చెప్పులు చూసి కరెంటు ఇచ్చే మనిషి

మొన్న వసారాలో కూర్చుని విత్తనం శెనక్కాయలు ఒలుస్తున్నాం, ఏడెనిమిది మంది కూలి ఆడవాళ్ళం. ఉన్నట్టుండి నా పక్కనున్నామె అంది: "చెప్పుల లైన్‌మన్ పోయినాడంట గదా. మూడు దినాలాయనంట. గుత్తి పక్క వాళ్ళూర్లోనే."

ఎవరూ చెయ్యి ఆపలేదు. ఎదురుగా ఉన్న పెద్దామె నా వైపు చూసి, "దేవుడుండాడు పాపా. నీ ఉసురు ఊరికే పోల్యా" అంది.

నేను తల వంచుకుని చాటలో పుచ్చు గింజలు ఏరాను. ఆయన ఇచ్చిన కరెంటుకే మా ఇంటాయన స్తంభం మీద చచ్చిపోయాడు. పదకొండేళ్ళయింది. అందుకని ఆయన్ని తిడితే నాకు ఓదార్పని ఊరు అనుకుంటుంది. ఆ రోజు జరిగింది తెలిసినవాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలానని ఆ చాట ముందు కూర్చుని అనుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు. మా ఊర్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తాడు చుట్ట మోసీ మోసీ ఒక భుజం కిందికి వాలిపోయింది. ఖాకీ చొక్కాకు రెండో గుండీ ఉండేది కాదు. ఆ బొక్కలో ఫ్యూజు తీగ దూర్చి మెలిపెట్టుకునేవాడు. "గుండీ కుట్టిచ్చుకోగూడదా అన్నా" అని నేనొకసారి అడిగితే, "కోపం ఎక్కువైతే ఇది తెగిపోతాది తల్లీ, మనిషి మిగుల్తాడు" అన్నాడు. నవ్వకుండా అనేవాడు ఇట్లాంటివన్నీ. స్తంభం ఎక్కే ముందు దాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచేవాడు, ఎద్దు మూపురం మీద చరిచినట్టు. మా ఇంట్లో ఎన్నిసార్లు సంగటి తినమన్నా తినలేదు. జేబులో పచ్చి శెనగ్గింజలు పోసుకుని అవే నమిలేవాడు.

మా ట్రాన్స్‌ఫార్మర్ కింద అప్పట్లో పదహారు మోటార్లు. అన్నీ చీనీ తోటలకే, బత్తాయిని మా వైపు అట్లే అంటారు. కరెంటు వచ్చేది పగలు కొన్ని గంటలు. ఆ గంటల్లో తీగ తెగితే ఆ నీళ్ళు పోయినట్టే. ఎండాకాలంలో చీనీకి ఒక తడి తప్పితే పిందె రాలుతుంది, రెండు తప్పితే ఆకు ముడుచుకుంటుంది. అందుకని తీగ తెగిందంటే ఊరు ఊరంతా వచ్చి ఆయన మీద పడేది. ఆయనేమో ఒక్కడు, చూడాల్సినవి ఐదారు ఊర్లు. అందుకే స్తంభం ఎక్కడం వచ్చిన రైతులు కూడా తలా ఒక చోట ఎక్కి ఆయనకు సాయం చేసేవాళ్ళు. మా ఇంటాయన అందులో ముందుండేవాడు. ఉడుతలాగా ఎక్కేవాడు.

ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పైకి ఎక్కే ప్రతి మనిషీ తన చెప్పులు ట్రాన్స్‌ఫార్మర్ కింద, వరసగా విడిచి పోవాలి. పని అయ్యాక వచ్చి తన చెప్పులు తనే తొడుక్కోవాలి. ఒకరివి ఒకరు తీసుకురాకూడదు. ఆ చోట ఒక్క జత మిగిలినా ఆయన స్విచ్ మీద చెయ్యి వేసేవాడు కాదు. ఎవరు ఎంత అరిచినా ఆయన అటు తిరిగేవాడు కాదు, నేల వైపే చూసేవాడు.

ఈ కట్టుబాటు ఎందుకు పెట్టాడో మా చేని గట్టు మీద కూర్చుని ఒకసారి చెప్పాడు. "మొదట్ల నోటిమాట నమ్మేటోన్నప్పా. పనైపాయ అని అరిస్తే ఇచ్చేటోన్ని. ఒక పొద్దు మంది గోలలో ఎవురో అయిపాయ అన్న్యారు, నేనిచ్చేసినా. పైనున్నాయన చెయ్యి ఈ పొద్దుకూ ముడ్సుకోదు. అన్నిందెవురని అడిగితే నేను గాదంటే నేను గాదన్న్యారు."

"మరి నువ్వు కనుక్కోని ఇయ్యల్ల గదా" అన్నాడు మా ఇంటాయన.

"ఇరవైమంది మీదబడి అరిస్తాంటే తలకాయ మనది గాదప్పా, వాళ్ళదైపోతాది. ఆ పొద్దు తలకాయను ఏమీ అడగగూడదు. ఏం చెయ్యల్లనో ముందే నేల మీద పెట్టుకోనుండల్ల" అన్నాడు.

ఈ చెప్పుల సంగతికి మొదట్లో ఊరు బాగా నవ్వింది. అనంతపురంలో కాపురముండి తోట మాత్రం ఇక్కడ పెట్టుకున్న ఒకాయన ఉండేవాడు. తానూ స్తంభమెక్కి తీగ లాగుతానని ఒకసారి బూట్లతో దిగాడు. బూట్లు విడవమంటే ఒప్పుకోలేదు.

"మూడు దినాలు గాల్యా కొని. ఎవురన్నా ఎత్తుకపోతే?"

"మిమ్మల్ని కరెంటెత్తుకపోతే పరవాల్యా సామీ?" అన్నాడు లైన్‌మన్.

ఆయన గొణుక్కుంటూ విడిచి, మేజోళ్ళతోనే ముళ్ళలో నడిచాడు. ఆ సాయంత్రం మా ఆడవాళ్ళం దాని గురించి చెప్పుకుని చెప్పుకుని నవ్వాం.

ఇంకోసారి నవ్వు రాలేదు ఎవరికీ. పని అయిపోయింది. అందరూ వచ్చి చెప్పులు తొడుక్కున్నారు. ఒక జత మిగిలింది. ఎవరివో తెలుసు. మనిషి లేడు. స్తంభాల వెంట పోయి చూస్తే ఎక్కడా లేడు. "ఏ స్తంభం మీదా లేడు గదప్పా, ఇయ్యి కరెంటు" అన్నారు. ఆయన ఇయ్యలేదు. "చెట్లు మాడిపోతాండాయి, నీ చెప్పుల్లో మన్ను బడ" అని ఒకాయన కొట్టడానికి మీదికి పోయాడు. చొక్కా పట్టుకుని గుంజితే ఆ ఫ్యూజు తీగ తెగింది. ఆయన దాన్ని కిందనుంచి ఏరుకుని, మళ్ళీ మెలిపెట్టుకుంటూ, "ఎండే చెట్టు ఇంగో గంట ఎండుతాది. మాడిన మనిషి మల్లా పచ్చబడడు. ఎతకండి" అన్నాడు.

రెండు గంటలు వెతికారు. ఆ మనిషి ఎవరిదో బండి వెనక ఎక్కి ఒట్టికాళ్ళతో ఇంటికి పోయి, తిని, నిద్రపోతున్నాడు. లాక్కొచ్చారు. అందరూ వాణ్ణి వదిలేసి లైన్‌మన్‌ను తిట్టారు. ఆయన మాత్రం వాడి భుజం తట్టి, "నిద్రపోయినాడు గదా, లేసినాడు గదా, ఇంగేం గావాల" అని స్విచ్ వేశాడు. ఆ తర్వాత ఊర్లో చెప్పుల మాట మీద ఎగతాళి తగ్గింది. మగవాళ్ళు స్తంభాలెక్కే రోజు ఆడవాళ్ళం కొంచెం ధైర్యంగా ఇంట్లో పని చేసుకునేవాళ్ళం.

ఇక ఆ రోజు సంగతి.

గాలి వచ్చింది, వాన రాలేదు. తీగలు రెండు చోట్ల తెగి పడ్డాయి. మిగతా ఊర్లు చూసుకుని ఆయన మా ఊరికి వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి. నాలుగు రోజులు ఆ ఎండలో నీళ్ళు లేకుండా చీనీ చెట్లు ఎట్లుంటాయో చూసినవాళ్ళకు తెలుస్తుంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేటట్టు లేరు. ఆయన ఒక చోట ఎక్కాడు. మా ఇంటాయన, ఇంకొకాయన చీనీ తోట అవతల రెండో చోటికి పోయారు. ఎక్కేది మా ఇంటాయనొక్కడే, ఆ ఇంకొకాయన కింద తాడు పట్టుకునేదానికి చెప్పులతోనే పోయాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరనుంచి చూస్తే అటు చెట్లే తప్ప స్తంభం కనపడదు.

నేను మధ్యాహ్నానికి సంగటి గంప ఎత్తుకుని పోయాను. వంక దాటేటప్పుడు నా చెప్పు వారు తెగింది. రెండూ అక్కడే పారేసి ఒట్టికాళ్ళతో నడిచాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీడన కూర్చున్నవాళ్ళు, "అమ్మా, సంగటి ఉండనీలే, నీళ్ళు తెచ్చియ్యి ముందు, నోరు పిడచగట్టుకపోయింది" అన్నారు. మిట్ట మీది ఇంట్లో బానలో నీళ్ళుంటాయి. బిందె తీసుకున్నాను. నేల పెనం లెక్కన కాలుతోంది. వరసలో మా ఇంటాయన చెప్పులున్నాయి. తొడుక్కున్నాను.

కట్టుబాటు తెలియక కాదు. తెలుసు. మొగుడి చెప్పులే కదా, ఎవరినడిగేది అనుకున్నాను. ఇట్టే వస్తాను కదా అనుకున్నాను. ఆయన తోట అవతల పైనున్నాడని ఇక్కడ అందరికీ తెలుసు కదా అనుకున్నాను. అందరికీ తెలిసింది ఒక్కరికీ గుర్తుండదని నాకు అప్పటికి తెలియదు.

బిందె నడుముకు పెట్టుకుని మిట్ట దిగుతున్నాను. మోటార్లన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. పైపుల్లో నీళ్ళు పడిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. మగవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు. ఒకాయన తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. నేనూ నవ్వాను. నిజం చెప్తున్నాను, నేనూ నవ్వాను. అప్పుడు తోటలోనుంచి ఆ రెండో మనిషి చేతులూపుతూ పరిగెత్తి వచ్చాడు. ఆపండి, ఆపండి అంటున్నాడు.

లైన్‌మన్ స్విచ్ కిందికి లాగి ఇటు తిరిగాడు. నేను ఎదురుగా ఉన్నాను. ఆయన నా మొహం చూడలేదు. నా కాళ్ళు చూశాడు. అందరూ తోట వైపు పరిగెత్తుతున్నారు. నా పక్కనుంచి పోతూ ఆయన నాకొక్కదానికే వినపడేటట్టు అన్నాడు: "యాడన్నా ఇడ్సెయ్ తల్లీ. బిరీన."

ఏ పనీ తొందరపడి చెయ్యని మనిషి. ఆ మాట అనడానికి మాత్రం ఆయనకు రెప్పపాటు పట్టలేదు. నేను వాటిని ఒక చీనీ పాదులో విడిచి, ఒట్టికాళ్ళతో ఆయన వెనకాల పరిగెత్తాను.

మా ఇంటాయన్ని దించినప్పటి సంగతి చెప్పలేను. వదిలేయండి.

వారానికి ఆఫీసర్లు వచ్చారు. మా ఇంటి ముందు రెండు కుర్చీలు వేశారు. లైన్‌మన్ ఎండలో నిలబడ్డాడు. మా అత్త ఆయన మీద పిడికిళ్ళతో మన్ను పోసింది. "ఒక్కగానొక్క కొడుకురా. నీ చెప్పుల లెక్కలో నా కొడుకు లేకపోయనా" అని ఏడ్చింది. ఆయన మన్ను దులుపుకోలేదు.

"చెప్పులు చూసి కరెంటిస్తావంటగా? ఎవరు నేర్పించారయ్యా నీకిది?" అని పెద్దాఫీసరు అడిగాడు. పక్కనున్నాయన నవ్వాడు.

"చూసుకోల్యా సార్. తొందరబడినా" అన్నాడు. అంతే అన్నాడు.

"నీకేమైనా తెలుసా అమ్మా?" అని నన్ను అడిగారు. మా అత్త నా మోచెయ్యి పట్టుకుని ఉంది. నాలుగేళ్ళ కూతురు నా కొంగులో ఉంది. కోడలే కొడుకును చంపిందని తెలిస్తే ఆ చెయ్యి ఏమవుతుంది, ఆ ఇల్లు ఏమవుతుంది, ఈ పిల్ల ఏమవుతుంది అని ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. "తెల్దు సార్" అన్నాను. వాళ్ళు రాసిన కాగితం చదివి వినిపించారు. తప్పు లైన్‌మన్‌దేనని ఉంది. నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే. మహిళా సంఘంలో నేర్పించారు. ఆ పేరు దాని కింద రాశాను.

ఆయన్ని లైన్ల మీదనుంచి తీసేశారు. కొన్నాళ్ళు ఇంట్లో ఉంచి, తర్వాత ఇంటింటికీ తిరిగి మీటరు చూసి బిల్లు కొట్టే పనిలో పెట్టారు. చెప్పుల లైన్‌మన్ అన్న మాట తిట్టుగా మారిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కింద చెప్పులు విడిచేవాళ్ళు లేరు. ఇప్పుడొచ్చే లైన్‌మన్ ఫోన్‌లో "అయిపాయనా" అని అడిగి ఇచ్చేస్తాడు. అయినా ఇచ్చేందుకు మిగిలిందేముంది? ఆ వారం పారిన నీళ్ళతో చెట్లు ఒక కాపు బతికాయి. తర్వాత బోర్లు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. చీనీ చెట్లన్నీ కొట్టి బొగ్గుల బట్టీకి తోలారు.

నెలకొకసారి మా ఇంటికీ వచ్చేవాడు. వాకిట్లో నిలబడి, "అమ్మా, మీటరు" అనేవాడు. మా అత్త లోపలికి పోయి తలుపు మూసుకునేది. ఆయన మీటరు చూసి, బిల్లు రోటి మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి పోయేవాడు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కారు. ఎండాకాలంలో సీసాలో తెచ్చుకున్న వేడినీళ్ళే తాగేవాడు. పోయే ముందు వాకిట్లో కొంచెంసేపు నిలబడేవాడు. మీటరు మిషను సర్దుకుంటున్నాడేమో అనుకునేదాన్ని.

ఐదేళ్ళ కింద మా అత్తను కంటి ఆపరేషన్‌కు అనంతపురం తీసుకుపోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన వచ్చాడు. "అన్నా, ఒక మాట" అన్నాను.

ఆయన మొదటిసారి మా గడప పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మిషను సంచి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. ఎందుకో మొహం కొంచెం వెలిగింది.

"ఆ పొద్దు చెప్పులు నేను తొడుక్కోకుండా ఉండింటే..."

"ఊ."

"నేను తొడుక్కున్యా అన్నా. నేనే."

ఆయన కొంచెంసేపు ఎదురుచూశాడు, నేను ఇంకేదో చెప్పాల్సింది ఉన్నట్టు. నేను చెప్పలేదు. ఆ వెలుగు మెల్లగా పోయింది.

"నాది గూడా ఉండాది తల్లీ" అన్నాడు చివరికి. "చెప్పులుంటే ఇయ్యగూడదని పెట్టుకున్యా. లేకుంటే ఇయ్యొచ్చని ఎవురు జెప్పినారు నాకు? నేనే జెప్పుకున్యా. ఏండ్లు గడిసేకొద్దీ సులువైపోయ. మనిషిని ఎతకడం మాని చెప్పుల్నే ఎతికినా. నాలుగు దినాల ఎండ, మంది అంతా మీద పడినారు, నేల చూస్తే ఖాళీగా ఉండాది. పేరు పెట్టి ఒక్క కేక ఏసింటే సరిపోయుండేది."

"అట్లయితే తప్పు నాది గాదా అన్నా?" అన్నాను. భిక్షం అడిగినట్టే అడిగాను.

"నీది నీకుండాది, నాది నాకుండాది. రెండూ ఒక గంపలో ఏస్తే బరువు తగ్గదు" అని లేచాడు. బిల్లు రోటి మీద పెట్టి పోయాడు. ఊర్లో చెప్పమనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. ఆయన నన్ను క్షమించాడని అనుకుని నేను ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

చావు కబురు విన్న మర్నాడు బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. చిన్న ఇల్లు. ఆయన భార్య వాకిట్లో ఆయన చొక్కాలు ఉతికి ఆరేస్తోంది, ఎవరికన్నా ఇచ్చేద్దామని. నేను ఏ ఊరో చెప్పాను.

"తిట్టిపోను వొచ్చినావా? తిట్టు. ఉండేటప్పుడు తిట్టినోల్లకు ఇప్పుడేం అడ్డం" అంది.

"లేదక్కా" అని నిలబడే మొత్తం చెప్పాను. చెప్పులు, బిందె, పాదు, కాగితం మీద నా పేరు, అన్నీ. ఆమె ఒక్కసారి కూడా ఆపలేదు. చొక్కా విదిలించి తీగ మీద వేస్తూనే ఉంది. నేను అయిపోగొట్టాక అంది:

"తెల్సు. ఆ పొద్దే చెప్పినాడు."

ఆమె ఇంకో చొక్కా తీసి పిండింది.

"బిడ్డ బయపడింది, ఎంక్వైరీలో చెప్తాదిలే అన్యాడు. చెప్పకపోతివి. దుఃఖంలో ఉండాది, మల్ల చెప్తాది అన్యాడు. బిల్లుల పనిలో మీ ఊరు ఇంగొకాయనకు పడితే, కాళ్ళా ఏళ్ళా పడి తనకే ఏయించుకున్యాడు. తిట్టే ఊరికి ఏంటికి పోతావంటే, ఈ నెల చెప్తాదేమో అనేటోడు. నెలనెలా అదే మాట."

"నేను చెప్తినక్కా ఆయనకు. ఐదేండ్ల కింద."

"చెప్తివి. ఎవురికి? ఆయప్పకే. ఆయప్పకు తెల్సిందే ఆయప్పకు చెప్తివి." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పిన పొద్దు ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేసిపోయినాడు. ఈ నెల చెప్తాదేమో అనడం ఆ పొద్దుతో ఇడ్సినాడు. ఇడ్సెయ్యమని నేనే ఏంటికి అంటినో ఆ బిడ్డతో అని చివరిదాకా ఏడ్సినాడు. తొందరలో రెండు పన్లు చేసినా, రెండూ తప్పే అనేటోడు."

"ఇప్పుడు పోయి చెప్తానక్కా. ఊర్లో నలుగురి ముందర చెప్తా."

ఆమె చివరి చొక్కా ఆరేసి, చేతులు చీరకు తుడుచుకుంది. "చెప్పుపో. చెప్పినాక వొచ్చి నాకు చెప్పు" అని లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు. నన్ను కూర్చోమని కూడా అనలేదు.

బస్సులో దారి పొడుగునా ఆ మాటను పేర్చుకుంటూ వచ్చాను. అత్తా, ఆ పొద్దు ఆయప్ప తప్పు గాదు, నీ కొడుకు చెప్పులు నేను తొడుక్కున్యా. ఇంతే. ఇంతకంటే ఒక్క ముక్క అక్కర్లేదు. పెదాలు కదుపుతూ ఎన్నిసార్లు అనుకున్నానో, పక్కన కూర్చున్నామె నన్ను చూసి కొంచెం జరిగింది.

దిగి ఇంటికి వచ్చేసరికి మా అత్త అరుగు మీద ఉంది. పక్కింటివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నా కూతురు గడపలో నిలబడి పుస్తకాల సంచి సర్దుకుంటోంది.

"యాడికి పోయింటివే పొద్దుననంగా?"

"గుత్తి పక్కకత్తా. ఆ లైన్‌మన్ ఇంటికి."

నా కూతురు తలెత్తింది. మా అత్త గోడ పట్టుకుని మెల్లగా లేచి, తడుముకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆపరేషన్ చేసినా ఆమెకు ఒక కన్ను రాలేదు.

"పోయి చూసొస్తివా? నా కొడుకును తిన్నోడు, నిజంగానే పోయినాడా?"

నలుగురూ నా నోటి వైపే చూస్తున్నారు. పేర్చుకున్న మాట నాలుక మీద ఉంది.

"పోయినాడత్తా" అన్నాను.